రంపం మొరాయించిన వేళ

తుపాను వెలిసిన మరునాడు కోనసీమ గ్రామాలలో తెల్లవారకముందే రంపాల మోత మొదలవుతుంది. కాలువ గట్ల మీద, ఇళ్ల కప్పుల మీద, రహదారులకు అడ్డంగా కొబ్బరిచెట్లు కూలి ఉంటాయి. వాటిని తొలగించనిదే ఊరిలోకి అంబులెన్సు రాదు. ఒరిగిన విద్యుత్ స్తంభాన్ని నిలబెట్టడానికి మనుషులు రాలేరు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటి, వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్న పెనుతుపాను కొబ్బరితోటలను ఎలా నేలకూల్చిందో ఈ సీమలోని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తరువాత 2018 డిసెంబరు 17న పెథాయ్, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా ఈ తీరాన్నే తాకాయి. గొడ్డలితో పూట పట్టే పనిని పెట్రోలుతో నడిచే గొలుసు రంపం నిమిషాలలో ముగిస్తుంది. చెట్లు కోసేవారు దానిని ‘చైన్ సా’ అంటారు.

తుపానులు లేని రోజులలో ఈ రంపాలకు పని సరుగుడు తోటలలో దొరుకుతుంది. తీరప్రాంతపు ఇసుక నేలలలో పెరిగే సరుగుడు కర్ర పాకల గుంజలకూ, వంటచెరకుకూ, రాజమహేంద్రవరంలోని కాగితపు మిల్లుకూ పోతుంది. టన్నుల లెక్కన కూలి ఒప్పుకున్న ముఠాకు రంపం ఆగిన పూట కూలి లేనట్లే. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. నిలబడిన చెట్టు ఎటు పడుతుందో కోసేవాడు ముందే లెక్క వేసుకుంటాడు. కోత సగంలో రంపం ఆగిపోతే ఆ లెక్క గాలికి అప్పగించినట్లవుతుంది. సగం తెగిన మాను పక్కన నిలబడి స్టార్టరు తాడు లాగుతున్న మనిషికి క్షణమొక గండం.

ఈ మొరాయింపు ఒక విచిత్రమైన రూపంలో కనిపిస్తుంది. తాడు లాగగానే ఇంజను అందుకుంటుంది. ఊరికే నడిపినంతసేపు చక్కగా తిరుగుతుంది. మీట నొక్కితే గర్జిస్తుంది. గొలుసు మానులోకి రెండంగుళాలు దిగేసరికి గొంతు పూడుకుపోయినట్లు మూలిగి ఆగిపోతుంది. బయటకు తీస్తే మళ్లీ మామూలే. చూసేవారు ‘ఇంజనులో సత్తువ పోయింది’ అని తేల్చివేస్తారు. చాలా సందర్భాలలో అది తొందరపాటు తీర్పు.

డెల్టా రైతుకు ఈ లక్షణం కొత్తది కాదు. పూడిక పేరుకొని, గుర్రపుడెక్క అల్లుకున్న పంటకాలువలో కూడా వేసవి చివర నీరు పారుతున్నట్లే కనిపిస్తుంది. వరినాట్లు మొదలై తూములన్నీ ఒక్కసారి ఎత్తిన రోజున శివారు భూములకు చుక్క అందదు. ఆనకట్ట దగ్గర నీరు లేక కాదు. దారి ఇరుకై అవసరమైనంత వేగంగా రాలేకపోవడం వల్ల. రంపం విషయంలోనూ అంతే. ఊరికే తిరిగే ఇంజనుకు కొద్దిపాటి పెట్రోలు, కొద్దిపాటి గాలి చాలు. బరువు మీద పడినప్పుడు రెండూ దండిగా కావాలి. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే టూ స్ట్రోక్ ఇంజనులో సెకనుకు 200 సార్లు ఇంధనం మండుతుంది. ఎక్కడో ఒక ఇరుకు ఉంటే అది బయటపడేది ఆ సమయంలోనే. ఆ ఇరుకు ఎక్కడున్నదో కనిపెట్టడమే మెకానిక్కు పని.

మొదట తేల్చుకోవలసినది ఆగుతున్నది ఇంజనా, గొలుసా అన్నది. ఇంజను గర్జిస్తూనే ఉండి గొలుసు మాత్రం నిలిచిపోతే దోషం క్లచ్చిది. వేగం పెరిగినప్పుడు బయటకు విచ్చుకొని డ్రమ్మును పట్టుకోవలసిన దిమ్మెలు అరిగిపోతే పట్టు జారుతుంది. కాలిన వాసన వస్తుంది. గొలుసుతోపాటు ఇంజను కూడా కుంగిపోతుంటే ఈ వ్యాసంలో చెప్పుకొనే జబ్బు అదే. అప్పుడు కూడా ఇంజను విప్పడానికి ముందు చూడవలసినది నేల మీద రాలిన పొట్టును.

పదును ఉన్న గొలుసు కలపను చిన్న చిన్న పెచ్చులుగా విసురుతుంది. మొద్దుబారిన గొలుసు పిండి రాలుస్తుంది. పిండి రాలుతుంటే కోస్తున్నది పళ్లు కావు, మనిషి భుజాల బలం. రంపాన్ని అదిమిపట్టిన కొద్దీ ఇంజను మీద బరువు పెరిగి ఆగిపోతుంది. డెల్టాలో గొలుసు తొందరగా మొద్దుబారడానికి కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. కొబ్బరి మాను లోపల మెత్తగా ఉన్నా వెలుపలి వలయం గట్టి నారతో నిండి ఉంటుంది. సరుగుడు కర్ర సహజంగానే గట్టిది. తీరంలో దాని బెరడు మీద ఇసుక కూడా అంటుకొని ఉంటుంది. పళ్లు ఒక్కసారి నేలను తాకినా పదును పోతుంది.

ఈ పళ్ల వెనుక ఒక కథ ఉంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే చెట్లు కొట్టే పనివాడు ఒక మొద్దులో కలప తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను చూశాడు. అది తన వంకర దవడలతో ఎడమకూ కుడికీ తొలుచుకుంటూ, నారకు అడ్డంగానూ నిలువుగానూ సులువుగా సాగిపోతున్నది. ఆ దవడల తీరును ఉక్కులోకి తెచ్చి అతడు తయారుచేసిన గొలుసు 1947లో అమ్మకానికి వచ్చింది. నేటి రంపపు పళ్లకు అదే మూలం. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగును నిత్యం తిట్టుకొనే కోనసీమ రైతుకు ఈ సంగతి తెలిస్తే ఏమంటాడో!

ఇంజను ఆపి, ప్లగ్గు తీగ ఊడదీసి, గుండ్రటి ఆకురాయితో ఒక్కొక్క పన్నునూ ఒకే కోణంలో, ఒకే దిశలో రాయాలి. ప్రతి పన్ను ముందూ చిన్న గూను వంటి భాగం ఉంటుంది. పన్ను ఎంత లోతుగా కరవాలో నిర్ణయించేది అదే. పదును పెట్టే ఉత్సాహంలో దానిని ఎక్కువగా అరగదీస్తే పన్ను పెద్ద ముక్కను పట్టుకొని, మింగలేక, ఇంజనును ఆపివేస్తుంది. కనుక పదునైన గొలుసు కూడా ఒక్కొక్కప్పుడు ఈ జబ్బుకు కారణమే. గొలుసు మరీ బిగుతుగా ఉన్నా, బారుకు నూనె అందకపోయినా ఫలితం ఇంతే. చేతికి తొడుగు వేసుకొని లాగితే గొలుసు తేలికగా జరగాలి.

మొద్దు గొలుసు రాల్చిన పిండి మరొక కీడు చేస్తుంది. అది ఎయిర్ ఫిల్టరును కప్పివేస్తుంది. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై ఇంజను నల్లటి పొగ చిమ్ముతూ బరువుగా మూలుగుతుంది. ఫిల్టరును తట్టి, సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగిస్తే చాలా రంపాలు అక్కడితోనే కోలుకుంటాయి.

కోలుకోకపోతే పెట్రోలు దారి చూడాలి. ఇందులో అందరూ మరచిపోయేది ట్యాంకుకు గాలి వెళ్లే సన్నటి రంధ్రం. పెట్రోలు బయటకు పోయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలును వెనక్కు పట్టుకుంటుంది. ఇటువంటి రంపం పది నిమిషాలు బాగా కోసి, ఆపై నీరసిస్తుంది. దీనికి పరీక్ష ఎంతో సులభం. నీరసించిన వెంటనే ఇంజను ఆపి, కొంత చల్లబడనిచ్చి, ట్యాంకు మూత వదులు చేయాలి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించి, మళ్లీ బిగించాక రంపం మునుపటివలె కోస్తే దోషం దొరికినట్లే. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయక కార్బురేటరు మార్పించుకున్నవారు లేకపోలేదు.

ట్యాంకు అడుగున గొట్టం చివర బరువైన చిన్న ఫిల్టరు ఉంటుంది. రంపాన్ని ఎటు తిప్పినా పెట్రోలు ఉన్నవైపే జారేందుకు ఆ బరువు. కొస వంచిన తీగతో దానిని మూత దారినే బయటకు లాగవచ్చు. జిగురు పట్టి నల్లబడితే మార్చవలసిందే. పెట్రోలు సంగతి కూడా ఈ దశలోనే చూడాలి. 2023 నుంచి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకొనే గుణం ఉంది. నెలల తరబడి డబ్బాలో నిలువ ఉన్న పెట్రోలులో నీరు ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఫిల్టరు పడి ఉండేది కూడా ఆ అడుగునే. తుపాను కోసమని ఏడాదిగా దాచిన డబ్బాతో బయలుదేరిన రంపం తుపాను నాడే మొరాయించడానికి ఇది తరచు కనిపించే కారణం.

సైలెన్సరు నోటిలోని జల్లెడ మసితో మూసుకుపోయినా ఇంజను ఊపిరాడక కుంగుతుంది. దానిని విప్పి బ్రష్షుతో శుభ్రం చేయడం చిన్న పని.

ఇంతవరకూ చూసిన తరువాతనే కార్బురేటరు వైపు చేయి పోవాలి. ఆచరణలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. కార్బురేటరు మరలు పైకే కనిపిస్తాయి. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంటుంది. ‘హెచ్’ అని రాసి ఉన్న మర పూర్తి వేగంలో ఇంజనుకు అందే పెట్రోలును నిర్ణయిస్తుంది. కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఫిల్టరు పూడిన రంపం నల్లపొగ వదులుతుంటే ఎవరో ఆ మరను కుడివైపు తిప్పుతారు. పొగ తగ్గుతుంది, రంపం కోస్తుంది, మెకానిక్కుకు పేరు వస్తుంది. వారం తరువాత యజమాని ఫిల్టరు కడుగుతాడు. ఇప్పుడు గాలి పూర్తిగా వస్తున్నది, పెట్రోలు మాత్రం తగ్గించినంతే వస్తున్నది.

ఇక్కడే టూ స్ట్రోక్ ఇంజను స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. కారు ఇంజనులో ఆయిలుకు వేరే తొట్టి ఉంటుంది. రంపానికి అది లేదు. పెట్రోలులో కలిపి పోసిన ఆయిలే పిస్టనుకు రక్షణ. తయారీదారు సూచించిన మేలురకపు ఆయిలైతే సాధారణంగా లీటరుకు 20 మిల్లీలీటర్ల పాలు. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. పైగా మంట వేడి పెరుగుతుంది. అటువంటి రంపం కొంతసేపు మునుపటికన్నా చురుకుగా, కీచుమంటూ తిరుగుతుంది. యజమాని ముచ్చటపడుతున్న ఆ సమయంలోనే పిస్టను గీతలు పడి సిలిండరును పట్టివేస్తుంది. నూరు రూపాయలతో పోయే ఫిల్టరు జబ్బుకు చేసిన తప్పు వైద్యం వేల రూపాయల సిలిండరును మింగుతుంది.

మర తిప్పినా గుణం కనిపించకపోతే కార్బురేటరులోని పలుచని రబ్బరు పొర గట్టిపడి ఉండవచ్చు. రంపాన్ని తలకిందులు చేసినా పెట్రోలు అందేందుకు తేలే గుండుకు బదులు ఈ డయాఫ్రం అమర్చారు. దాని కిట్టు మార్చడంతో పని నెరవేరుతుంది. క్రాంక్ సీళ్ల నుంచి గానీ, కార్బురేటరుకూ సిలిండరుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం పగుళ్ల నుంచి గానీ అదనపు గాలి దూరుతున్నా పెట్రోలు పాలు తగ్గినట్లే అవుతుంది. మీట వదిలినా వేగం వెంటనే దిగిరాకపోవడం దీని గుర్తు. దీనిని మరతో సరిపెట్టడం పగిలిన కుండకు నీరు పోయడం వంటిదే.

చివరి పరీక్ష పిస్టనును కళ్లారా చూడటం. చల్లబడిన రంపానికి సైలెన్సరు విప్పి, ఆ రంధ్రంలోకి టార్చి వేస్తే పిస్టను పక్క కనిపిస్తుంది. నునుపుగా మెరిస్తే మంచిదే. నిలువు గీతలుంటే బయటి మరమ్మతులతో ఉపయోగం లేదు. కంప్రెషన్ గేజిలో చదరపు అంగుళానికి 120 పౌండ్లకు పైగా ఒత్తిడి చూపించే ఇంజను సాధారణంగా ఆరోగ్యమైనది. 100కు దిగువన ఉంటే సిలిండరు, రింగులు చూడక తప్పదు.

బాగుపడిన రంపాన్ని ఎండుమొద్దు మీద పరీక్షిస్తారు. మర సరిగా కుదిరిన సాధారణ కార్బురేటరు రంపం పూర్తి వేగంలో ఊరికే తిప్పినప్పుడు కొంచెం గరగరగా, తడబడుతున్నట్లు మోగుతుంది. గొలుసు మానులోకి దిగగానే ఆ గరగర పోయి స్వరం నిండుగా మారుతుంది. అనుభవం ఉన్న మెకానిక్కు ఆ మార్పు విని తల ఊపి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటాడు. తుపాను పనులు ముగిసి రంపం అటకెక్కేనాడు ట్యాంకులో మిగిలిన పెట్రోలును వంచేసి, కార్బురేటరులోనిది కూడా ఖర్చయ్యేవరకు ఇంజనును నడిపి, దానంతట అది ఆగాక గొలుసుకు నూనె రాసి గోనెపట్టాలో చుట్టి ఉంచుతారు.