దేవతల నోట గోపాలుని పేరు

గురువును, అతిథిని, వయసు మీరిన బంధువును 'మీరు' అని మన్నించుట తెలుగువారి మర్యాద. అట్టివారే తిరుమలలో స్వామి సన్నిధిని నిలిచినప్పుడు 'నీవే దిక్కు' అందురు. ఇంటి పెద్దకు దక్కిన బహువచనము ఏడుకొండలవానికేల దక్కలేదని పిల్లలు అడుగుట కలదు. శ్రీమద్భాగవతమున దేవతలు పరమాత్మను ఎట్లు సంబోధించిరో పరిశీలించినచో ఈ ప్రశ్న విడిపోవును.

సంస్కృతమున 'భవాన్' అను మన్నన పదము లేకపోలేదు. అయినను బ్రహ్మాదులు చేసిన స్తోత్రములలో 'త్వమ్' అను ఏకవచనమే మిక్కిలిగా వినవచ్చును. పోతనామాత్యుడును తెనుగున 'నీవు' అనియే పలికించెను. కావున దేవతలలో ఎవరు ఎవరిని ఏ భావముతో పిలిచిరో వచనమునుబట్టి తెలియదు. వారు ఎన్నుకొన్న పేరును చూడవలెను.

దశమస్కంధమున గోవర్ధన ఘట్టము ఇందుకు చక్కని తార్కాణము. తనకు జరుగవలసిన యాగము ఆగిపోగా ఇంద్రునికి ఆగ్రహము కలిగినది. సంవర్తక మేఘములను వ్రజముపైకి పంపుచు ఆతడు శ్రీకృష్ణుని వదరుబోతనెను, బాలిశుడనెను, ఏమియు తెలియకయే పండితుడనని మురియువాడనెను. వీనికంటెను పెద్ద నింద 'మర్త్యుడు' అనుట. అడవిలో ఆవులు కాచుకొను గొల్లలు ఒక మనుష్యుని నమ్మి దేవతలనే ధిక్కరించిరని ఆతని అక్కసు.

ఇచట వ్యాఖ్యాతయైన శ్రీధరస్వామి చేసిన చమత్కారము పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు. ఇంద్రుడు తిట్టదలచెను గాని ఆతని వాక్కు తిట్టుటకు ఒప్పుకొనలేదట! వాచాలుడనగా వేదములకు మూలమైనవాడు. బాలిశుడనగా శిశువువలె గర్వము లేనివాడు. స్తబ్ధుడనగా, తనకంటె అధికుడు లేనందున ఎవరికిని తల వంచనవసరము లేనివాడు. అజ్ఞుడనగా తనను మించిన జ్ఞాని లేనివాడు. ఒక్క మాట మార్చకుండ నింద యంతయు స్తుతియైనది.

దీనికి ముందే బ్రహ్మదేవుని కథ నడచినది. లేగలను, గోపబాలురను దాచి భంగపడిన చతుర్ముఖుడు హంసవాహనము దిగి, నాలుగు కిరీటముల కొనలు పాదములకు సోకునట్లు మ్రొక్కెను. వేదములు వెలువడిన ఆ నోట మొదట వచ్చిన పిలుపులలో ఒకటి 'పశుపాలకుని బిడ్డ' యని! వేయి బిరుదులు తెలిసినవాడు, చేతిలో పెరుగన్నపు ముద్దతో నిలిచిన బాలునికి ఆ పేరే తగినదని ఎంచెను. ఇంద్రుడు ఎత్తిపొడిచినదియు ఆ గొల్లతనమునే కదా. బ్రహ్మ చూచినప్పుడు అదియే పూజార్హమైనది. స్తుతి ముగించి ముమ్మారు ప్రదక్షిణము చేసిన విధాతకు స్వామి మారుమాట పలికినట్లు కానరాదు. అనుజ్ఞ మాత్రము లభించినది.

ఇంద్రునితో మాత్రము స్వామి మాటలాడెను. ఏడు దినముల వాన వెలిసిన పిమ్మట, ఆతడు సిగ్గుతో ఏకాంతమున వచ్చి, సూర్యతేజముగల కిరీటమును పాదములకు తాకించి, 'మర్త్యుడు' అన్న నోటితోనే తండ్రివి, గురుడవు, జగదీశుడవు అనెను. స్వామి నవ్వి, మేఘగంభీరస్వరమున 'మఘవన్' అని పిలిచెను. యాగములచే పూజలందు ఇంద్రునికి అది గౌరవనామము. యాగమును ఆపినవాడు ఆ పేరును ఆపలేదు. ఆజ్ఞాపించునప్పుడు సైతము 'పొమ్ము, చేయుము' అను ప్రత్యక్షవిధి వాడక, కర్మణి, భావే ప్రయోగములతో మృదువుగా పలికెను. పదవి తీసివేయలేదు, గర్వము విడిచి తమ తమ అధికారములలో ఉండుడని మాత్రమే శాసనము.

అంతట సురభి ముందుకు వచ్చెను. ఇంద్రుడు వినుచుండగనే ఆ గోమాత 'మాకు ఇంద్రుడవు నీవే' అనెను. ఆమె క్షీరధారలతోను, ఐరావతము తొండమున తెచ్చిన ఆకాశగంగాజలముతోను అభిషేకము జరిగినది. దేవర్షులతో కూడి ఇంద్రుడే స్వామికి 'గోవింద' నామము పెట్టెను. నేడు కొండ మెట్లెక్కువారు ఎలుగెత్తి పలుకు నామము, ఒకనాడు గొల్లలను ఈసడించిన దేవరాజు పెట్టినది. గోవులకు ఇంద్రుడని దానికి పెద్దలు చెప్పు అర్థములలో ఒకటి.

ఆ పేరు వెంటనే దిక్పాలకులలో పాకినట్లున్నది. మరుసటి అధ్యాయమున నందుడు ఏకాదశి ఉపవసించి, ద్వాదశినాడు తెల్లవారకముందే యమునలో దిగగా వరుణభృత్యుడు పట్టుకొనిపోయెను. తండ్రికై వచ్చిన స్వామిని వరుణుడు పూజించి, సేవకుని మూఢత్వమును క్షమింపుమని వేడి, 'గోవిందా' అనియు 'పితృవత్సలా' అనియు సంబోధించెను. జలాధిపతియై యుండియు ఆ గొల్లపెద్దను స్వామి తండ్రిగనే పేర్కొని అప్పగించెను. నందుడు వ్రేపల్లెకు మరలివచ్చి, వరుణలోకపు వైభవమును, అచటివారందరు తన కుమారునికి మ్రొక్కుటను ఆశ్చర్యముతో బంధువులకు వినిపించెను.