వేగము, విశాలత: ఒకే కంప్యూటరులో రెండు నిల్వలు

ఇంటి కంప్యూటరులో సమాచారమును దాచు సాధనములు ముఖ్యముగా రెండు. తిరుగు పళ్ళెములు గల హార్డు డిస్కు ఒకటి. కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డి రెండవది. 1956లో ఐబిఎం సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్ళెములు 50 ఉండెను. అయినను అందులో పట్టినవి 50 లక్షల అక్షరములే!

ఈ రెండింటి వేగభేదమునకు కారణమేమి? నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కునకు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పట్టును. కావలసిన భాగము హెడ్డు క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము కాలము వేచియుండవలెను. హెడ్డు జరుగుటకు పట్టు కాలము దీనికి అదనము. ఎస్‌ఎస్‌డిలో ఈ నిరీక్షణ సుమారు మిల్లీసెకనులో పదవ వంతు మాత్రమే. కాని అంతే చోటుకు దాని ఖరీదు ఎక్కువ. కావున రెండింటిని కలిపి వాడుట వివేకము.

గ్రంథాలయమును తలచుకొనుడు. చదువుబల్ల చిన్నది, చేతికి దగ్గర. బీరువా పెద్దది, దూరము. నిత్యము వాడు గ్రంథము బల్లపై ఉండుట మేలు. దీనికి మూడు మార్గములు కలవు.

మొదటిది విభజన. ఆపరేటింగ్ సిస్టమును ఎస్‌ఎస్‌డిలోను, చిత్రములను, చలనచిత్రములను హార్డు డిస్కులోను మనమే ఉంచుకొనుట.

రెండవది క్యాష్. అసలు గ్రంథము బీరువాలోనే ఉండును. బల్లపై ప్రతి మాత్రమే. ఇంటెల్ సంస్థ 2011లో ఇట్టి ఏర్పాటు తెచ్చినది. లినక్సులో బీక్యాష్ 2013లో చేరినది. ఇందు వ్రాతను రెండుచోట్ల వెంటనే నమోదు చేయు పద్ధతి క్షేమము. ముందు ఎస్‌ఎస్‌డిలో వ్రాసి, తరువాత డిస్కునకు పంపు పద్ధతి వేగవంతమే గాని, నడుమ ఎస్‌ఎస్‌డి చెడినచో క్రొత్త వ్రాత నశించును.

మూడవది ఏకీకరణ. 2012లో ఆపిల్ తెచ్చిన ఫ్యూజన్ డ్రైవ్ ఇట్టిది. రెండును ఒకే నిల్వగా కనిపించును. గ్రంథమే బల్లకు, బీరువాకు మధ్య మారుచుండును. సౌకర్యము నిజమే. కాని రెండింటిలో ఏది చెడినను మొత్తము నిల్వ కూలిపోవును. రెండు స్తంభములపై నిలిచిన పందిరికి ఒక స్తంభము విరిగిన చాలును గదా!

విద్యార్థి మిత్రులారా! సంవత్సరము శ్రమించి వ్రాసిన ప్రాజెక్టు నివేదిక ఒక్క క్షణములో మాయమైన, పరీక్షాధికారికి ఏమి చూపగలరు? మీకు మొదటి మార్గము చాలును. అన్నింటికంటె ముఖ్యముగా, కంప్యూటరు వెలుపల మరియొక ప్రతిని భద్రపరచుకొనుడు. వేగము కాలమును మిగుల్చును. ప్రతి శ్రమను మిగుల్చును.