ఎకానమీ ఎక్కడం లేదా? ఒక్క ప్రశ్న పట్టుకోండి

బీటెక్ చేసి గ్రూప్-2కి దిగినవాళ్లు, బీఎస్సీ చదివి బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నవాళ్లు ఎక్కువగా బెదిరేది ఎకానమీకే. ద్రవ్యలోటు, రెపో రేటు, చెల్లింపుల శేషం వరసగా ఎదురయ్యేసరికి పుస్తకం పక్కన పెడతారు. అర్థం కాలేదంటే పుస్తకం మంచిది కాదనుకుని మరొకటి కొంటారు. కొత్త యూట్యూబ్ ప్లేలిస్ట్ మొదలుపెడతారు, టెలిగ్రామ్‌లో దొరికిన పీడీఎఫ్‌లన్నీ దించుకుంటారు. చదవాల్సింది ఇంకా పెరుగుతుంది. చివరికి తమకు ఎకానమీ రాదని తేల్చేసుకుంటారు. ఎంతోమంది మంచి విద్యార్థులు ఇలా వెనక్కి తగ్గడం బాధాకరం, ఎందుకంటే వాళ్ల తెలివికి ఇందులో ఏ లోటూ లేదు.

మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి చాలా కొద్ది. మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఆ సంఖ్య ఏడుకు అటూ ఇటూ అన్నారు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దాకా తగ్గించారు. ఇప్పుడు ఈ వార్త చూడండి: ద్రవ్యోల్బణం లక్ష్య పరిధి దాటడంతో ద్రవ్య విధాన కమిటీ రెపో రేటును 50 బేసిస్ పాయింట్లు పెంచింది. కొత్తగా చదివేవారికి ఇందులో తెలియని మాటలు ఐదు. ఐదూ కలిసి వస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. కొన్ని నెలలు చదివినవారికి మాత్రం ఇదంతా ఒకే సంగతి.

అందుకే మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. ఇంట్లో మాట్లాడుకునే ప్రశ్న ఒకటి తీసుకోండి. ఉదాహరణకు, ధరలు పెరిగితే ఇంటి లోను ఈఎంఐ ఎందుకు పెరుగుతుంది?

2016లో ఆర్‌బీఐ చట్టాన్ని సవరించాక ద్రవ్యోల్బణాన్ని, అంటే ధరలు పెరిగే వేగాన్ని, 4 శాతం దగ్గర, మహా అయితే 2 నుంచి 6 మధ్య ఉంచే బాధ్యత ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ మీద పడింది. 2022 ఏప్రిల్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీయే రెపో రేటు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా దాన్ని 4 నుంచి 6.5 శాతానికి పెంచారు. శాతంలో నూరో వంతు ఒక బేసిస్ పాయింటు కాబట్టి, ఆ పెంపు 250 పాయింట్లు. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాల్లో ఎక్కువ భాగం రెపోకే ముడిపడి ఉన్నాయి. కనుక ఈఎంఐ పెరిగింది, లేదా వాయిదాల కాలం సాగింది. చేతిలో మిగిలేది తగ్గితే కొనుగోళ్లు తగ్గుతాయి, ధరల వేగం నెమ్మదిస్తుంది.

ఒక్క ప్రశ్నతో ఆ ఐదు మాటలూ చేతికొచ్చాయి. మరి వానలకు పంట పోయి టమాటా మండిపోతే వడ్డీ పెంచడం పనిచేస్తుందా? ఈ సందేహం మీకే వస్తే గిరాకీ, సరఫరా పాఠంలోకి మీ అంతట మీరే అడుగుపెట్టినట్టు.

దారిలో వేరే కొత్త పదాలు తగిలితే నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకోండి. ఆ పూట వాటి వెంట వెళ్లొద్దు. తెలుగు అకాడమీ పుస్తకమో మరొకటో, ఒక్కటి చాలు. ప్రీవియస్ పేపర్లు మాత్రం సిలబస్ అయ్యేదాకా దాచిపెట్టకుండా మొదట్లోనే చూడండి. ఎంత లోతుకు వెళ్లాలో అవే చెబుతాయి.

చదివింది పుస్తకం మూసి సొంత మాటల్లో రాయండి. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి రాసేటప్పుడు తడబడితే కంగారు పడకండి.

రెపో రేటును నిర్ణయించే ఆర్‌బీఐ పరపతి సమీక్ష సుమారు రెండు నెలలకోసారి వస్తుంది. మర్నాడు పేపర్లో ఆ వార్త చదివి, తెలియని మాటల కింద గీత గీయండి. ఆ కత్తిరింపు దాచి, తర్వాతి సమీక్ష నాటి వార్తతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.