నిత్యజీవితములో ఒక క్రొత్త అడుగు

మన వర్తక కుటుంబములలో దినము ఎట్లు గడచునో అందరికి తెలిసినదే. తెల్లవారగనే దుకాణము, సాయంకాలము చిట్టా ఆవర్జా, మరల తెల్లవారగనే దుకాణము. ఏటేట లాభనష్టములు లెక్క తేలును. ఆ ఏట క్రొత్తగా చూచినదేమి అని అడిగిన జవాబుండదు.

మా తండ్రిగారు “వచ్చే ఏడు శ్రావణబెళగొళ పోదము” అని 30 ఏండ్లు అనుచుండిరి. పోకుండగనే కాలము చేసిరి. నాకు 52వ ఏట మేడమెట్లెక్కిన ఆయాసము మొదలైనప్పుడు ఆ మాట జ్ఞాపకము వచ్చి భయము కలిగినది.

పెద్ద ప్రతిజ్ఞలేమియు చేయలేదు. స్కూటరు మాని దుకాణమునకు నడచితిని. దినమునకొక వీధిగుండ పోయితిని. మా పాత ఖాతాదారు ఇల్లు మూడవ వీధిలోనే యున్నదని అప్పుడే తెలిసినది! ఆదివారము తాళపుచెవులు కుమారునికిచ్చితిని. దుకాణము మునిగిపోలేదు.

రెండేండ్లకు వింధ్యగిరి మెట్లు, 600 పైబడినవి, వట్టి కాళ్ళతో, డోలీ లేకయే ఎక్కితిని. 981లో చావుండరాయడు నిలిపించిన సుమారు 57 అడుగుల బాహుబలి స్వామిని తండ్రిగారి కొరకు కూడ కన్నులార చూచితిని.

మనము చేయదగినవి మూడు:

1. వారమునకొక క్రొత్త త్రోవ; బేరము లేని పలకరింపు ఒకటి.
2. నెలకొక దినము దుకాణము పిల్లలకు అప్పగించుట.
3. ఏటికొక యాత్ర. ఒడిశాలో ఉదయగిరి, ఖండగిరి, తమిళనాట సిత్తన్నవాసల్, మహారాష్ట్రమున ఎల్లోరా గలవు.

రావలసిన బాకీని ఏండ్ల తరబడి వదలము గదా! మనకు మనము పడిన బాకీని మాత్రము ఏల వదలవలెను?