ముళ్ళ తోటకూర: కూరా, విషమా?

పెంటపోగుల పక్కన, పశువుల దొడ్ల చుట్టూ, చేలగట్ల మీద ఎవరూ విత్తకుండానే ముళ్ళ తోటకూర మొలుస్తుంది. ఆకు మనం వండుకునే తోటకూర ఆకులాగే ఉంటుంది. కాని ఆకుకాడ కాండాన్ని అంటుకున్న చోట రెండేసి వాడి ముళ్ళుంటాయి. అదే దీని ఆనవాలు. శాస్త్రీయనామం అమరాంథస్ స్పైనోసస్. పుట్టినిల్లు అమెరికాలోని ఉష్ణప్రాంతం.

లేత ఆకులను కూరగానో, పప్పులోనో వండుకుంటారు. వాటిలో మాంసకృత్తులు, ఇనుము, కెరోటిన్ ఉంటాయి. పంటచేలో మాత్రం ఇది మొండి కలుపు. బాగా ఎదిగిన ఒక్క మొక్క లక్షకు పైగా గింజలను రాల్చగలదు.

పెంటపోగు పక్కనే ఇది ఎందుకంత ఏపుగా పెరుగుతుంది? అక్కడి నేలలో నత్రజని ఎక్కువ. మొక్క వేళ్ళతో నైట్రేట్లను పీల్చుకొని, సూర్యకాంతి నుంచి వచ్చిన శక్తితో వాటిని మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. వానలు లేక మొక్క వడలినప్పుడు ఈ మార్పు మందగిస్తుంది. అప్పుడు నైట్రేట్లు కాండంలో పేరుకుపోతాయి. యూరియా ఎక్కువగా వేసిన చేలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

మేత కరువైన రోజుల్లో ఆకలిగొన్న ఆవు అటువంటి మొక్కలను కడుపునిండా మేసిందనుకోండి. దాని పొట్ట మొదటి గదిలోని సూక్ష్మజీవులు నైట్రేట్లను నైట్రైట్లుగా, ఆపైన అమ్మోనియాగా మారుస్తాయి. నైట్రేట్లు మితిమీరితే రెండవ మార్పు వెనకబడుతుంది. మిగిలిన నైట్రైట్లు రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను మెథెమోగ్లోబిన్‌గా మారుస్తాయి. ఇది ప్రాణవాయువును మోయలేదు. పశువు ఆయాసపడుతుంది, తూలుతుంది. రక్తం చాక్లెట్ రంగుకు మారుతుంది. కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. వెంటనే పశువైద్యుని పిలిస్తే మిథిలీన్ బ్లూ సూదిమందుతో కాపాడే వీలుంది.

మనుషుల మాటేమిటి? ఈ ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఉంది. అది ఆహారంలోని కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు ఈ కూర తగ్గించాలి. ఉడకబెట్టినంత మాత్రాన నైట్రేట్లు నశించవు. అవి నీటిలోకి దిగుతాయి. ఆక్సాలిక్ ఆమ్లం కూడా కొంత అలాగే దిగుతుంది. కనుక ఉడికించిన నీటిని పారబోయాలి. వండిన కూరను ఎక్కువసేపు నిలవ ఉంచితే బాక్టీరియా నైట్రైట్లను తయారుచేస్తాయి. ఆరు నెలలలోపు పసిబిడ్డలకు ఇటువంటి కూర పెట్టకూడదు.

పూత రాకముందే మొక్కను వేళ్ళతో పెకలిస్తే గింజలు రాలవు. కాని పీకిన మొక్కలను పశువుల ముందు వేయకండి. ఎండినా వాటిలోని నైట్రేట్లు పోవు!