మనస్సునందలి ఆటుపోటులు

మన కొత్వాల్‌గూడ చెంతనున్న హిమాయత్ సాగరమున వానకాలమందు నీరు పెరుగును, ఎండకాలమందు తరుగును. కారణము కంటికి కనబడుచునే యున్నది. కాని కొందరి మనస్సులు తగిన హేతువేదియు లేకయే పొంగుచు, క్రుంగుచు నుండును. ఇట్టి దీర్ఘకాలపు స్వల్పవ్యాధిని వైద్యులు సైక్లోథైమియా యందురు. 1882లో కాల్‌బౌము అను జర్మను వైద్యుడు దీనిని వర్ణించెను.

ఇది తరచుగా యౌవనారంభముననే పొడసూపును. పొంగిన దినములలో నిద్ర తగ్గినను అలసట తోపదు. మాటలు వడిగా వచ్చును. ఒకేసారి పది పనులు మొదలిడుదురు. క్రుంగిన దినములలో ఏ పనియందును ఆసక్తి యుండదు. తమ్ము తామే నిందించుకొందురు. పెద్దలకు రెండు సంవత్సరములు, పిల్లలకు ఒక సంవత్సరము ఇట్లు జరుగుచు, నడుమ రెండు మాసములకు మించిన నెమ్మది లేనిచో, ఇతర వ్యాధులుగాని మత్తుపదార్థములుగాని కారణములు గావని తెలిసికొనిన పిమ్మటనే వైద్యులు దీనిని నిర్ణయింతురు. కావున పరీక్ష తప్పి నాలుగు దినములు దుఃఖించుట వ్యాధి గాదు.

తలిదండ్రులారా! పొంగిననాడు బిడ్డను మేధావియని పొగడి, క్రుంగిననాడు సోమరియని కొట్టుట తగదు. గాలి సోకినదని తాయెత్తులు కట్టించి కాలము గడపుటయు తగదు. ఏలయన, కొందరిలో నిది తీవ్రమైన బైపోలార్ వ్యాధిగా మారును. ప్రాణముపై విరక్తియు కలుగవచ్చును.

సాధనములు కలవు. నియతవేళకు నిద్రించుట, మత్తును విసర్జించుట, ప్రతిదినము మనఃస్థితిని, నిద్రించిన గంటలను చిన్న పుస్తకమున వ్రాసికొనుట మేలు. వైద్యునితో సంభాషణరూపమగు చికిత్స ముఖ్యము. అవసరమైనచో ఔషధములు నొసగుదురు. క్రుంగుబాటునకని ఇతరులకిచ్చిన మందును తానుగా మ్రింగరాదు. అది పొంగును రేపవచ్చును. హైదరాబాదున ఎర్రగడ్డయందు ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. 2022లో నెలకొల్పబడిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా మాటలాడవచ్చును.

బదరీవృక్షము క్రింద మరణమును కోరిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. దూత యతనికి భోజనమిడెను, నిద్రింపనిచ్చెను, మరల లేపెను. విద్యార్థులారా! మీ సహపాఠి క్రుంగియున్నచో నవ్వకుడు. చెంత కూర్చుండుడు, పెద్దలకు తెలుపుడు. మా యుపాధ్యాయుల తలుపులు మీకు తెరచియే యుండును.