వాడిన ఖరీదు కారు – దాని యింజను పరీక్ష

మా పెదపారుపూడి ప్రాంతమున ఇంజను కొత్త వస్తువు కాదు. కాలువ నీరు ఎక్కని చేలకు నీరు తోడుటకు ఆయిలింజనులను మన పెద్దలు వాడియే యుండిరి. చప్పుడు విని దాని రోగము చెప్పగల రైతు ప్రతి యూరను ఒకడైన నుండెడివాడు. నేడు ఆ యూళ్ల రోడ్ల మీదనే బెంజి, బి.ఎం.డబ్ల్యు., ఆడి కార్లు కానవచ్చుచున్నవి. అందు కొన్ని కొత్తవి; కొన్ని యొకరు వాడి విడిచినవి. ఈ రెండవ రకమును కొనదలచువారు ఇంజను విషయమున ఏమి చూడవలయునో, ఏల చూడవలయునో యీ వ్యాసమున వివరింపదలచితిమి. పై తరగతుల విద్యార్థులు దీనిని భౌతికశాస్త్ర పాఠముతో కలిపి చదువుకొనవచ్చును. తలిదండ్రులు బయానా యిచ్చుటకు ముందే చదువుట మేలు.

మొదట వెలను గూర్చి చెప్పుదుము. కొత్తగా 60 లక్షల రూపాయలు పలికిన కారు తొమ్మిదేండ్ల పిమ్మట 15 లక్షలకు వచ్చినదనుకొందము. కొనువాడు తాను 15 లక్షల కారు కొంటినని తలచును. వాస్తవమున నది 60 లక్షల కారే. దాని టర్బో, ఇంజెక్టర్లు, నీటి పంపు, గేరుబాక్సు మొదలగు భాగముల వెల కారు వయస్సుతో పాటు తగ్గదు. సార్వా, దాళ్వా రాబడులను కూడబెట్టి, చాలని దానికి అప్పు చేసి, ఉన్న సొమ్మంతయు కారు ధరకే పోసిన గృహస్థు మొదటి పెద్ద మరమ్మతు నాడు చేతులు కట్టుకొని నిలుచును. కారు చావడిలో నిలుచును. వాయిదాలు మాత్రము నిలువవు. కావున వెలలో నాలుగవ వంతైనను మొదటి రెండేండ్ల మరమ్మతులకు విడిగా నుంచుకొనవలెనని మా యభిప్రాయము. అంత మిగులనిచో అంతకంటె చిన్న కారు కొత్తది కొనుటయే మంచిది.

కారు మెరుగు చూడక ముందు సర్వీసు కాగితములను చూడవలెను. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు నూనె మార్చిరో వరుసగా నున్నదా? నడుమ రెండేండ్లు ఖాళీ యున్నదా? మీటరులోని అంకెను తగ్గించు మోసము కలదు గనుక సర్వీసు బిల్లులలోని అంకెలతో దానిని పోల్చవలెను. నూనె మార్పునకు తయారీదారులు పెక్కు కార్లకు 15,000 కిలోమీటర్లో, ఒక సంవత్సరమో గడువుగా పెట్టుదురు. మన యెండకును దుమ్మునకును 8,000 మొదలు 10,000 లోపలనే మార్చిన కారు మాకు నమ్మకమైనది.

ఇంజనును చల్లగా నున్నపుడే చూడవలెను. మీరు పోవునప్పటికే బానెటు వెచ్చగా నున్నచో, అమ్మువాడు ముందే నడిపించి యుంచెనని తెలిసికొని, మరునాటి యుదయమున మరల రండు. చల్లని యింజనులో నూనె అడుగునకు దిగి యుండును. స్టార్టు చేసిన మొదటి క్షణములలో గలగల శబ్దము వచ్చి ఆగినచో టైమింగు చైను వదులైనదేమో యని శంకింపవలెను. పొగ రంగు కూడ మాటలాడును: నీలముగా నున్నచో నూనె కాలుచున్నది, నల్లగా నున్నచో ఇంధన మధికము లేక గాలి చాలదు, వెచ్చబడిన తరువాతను తెల్లని ఆవిరి విడువక వచ్చినచో కూలెంటు సిలిండరులోనికి పోవుచుండవచ్చును.

ఈ చైను సంగతి కొంచెము చెప్పవలసి యున్నది. పిస్టనుల కదలికను, వాల్వుల కదలికను జతపరచున దిదియే. ఇది తెగినచో పిస్టను పోయి తెరచియున్న వాల్వును ఢీకొనును. ఇంజను తలభాగమంతయు చెడును. 2007లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. వారి ఎన్ 47 అను నాలుగు సిలిండర్ల డీసెలు ఇంజనులో నీ చైను ముందు వైపున గాక గేరుబాక్సు వైపున నున్నది. తొలి యేండ్లలో తయారైన వానిలో నది ముందుగా అరుగుట ప్రసిద్ధమైన దోషము. చైను వెల యెంతయైనను, దానిని మార్చుటకు సాధారణముగా ఇంజనునే దింపవలెను, కూలియే బరువగును. మన దేశమున ఆ కాలపు 320డి, 520డి కార్లలో నీ యింజను గలదు. అట్టి కారు కొనువారు చైను మార్చిన బిల్లు అడుగవలెను.

తక్కువ తిరిగిన కారు మంచిదని లోకుల నమ్మకము. ఇది సగము నిజమే. పెదపారుపూడి నుండి గుడివాడ బజారునకు పోయి వచ్చు కారును తలచుడు. ఇంజను పూర్తిగా వేడెక్కునప్పటికే ప్రయాణము ముగియును. దహనమువలన పుట్టిన తేమ నూనెలో నిలుచును. డీసెలు కార్లలో మరియొక చిక్కు గలదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణమునకు తగిన డీసెలు కార్లలో మసిని పట్టు ఫిల్టరుండును. అందు చేరిన మసి సుమారు 600 డిగ్రీల వేడిమిలో గాని కాలదు. ఆ వేడిమికై రహదారి మీద ఇరువది నిమిషములైన నొకే వేగమున పోవలెను. మాటిమాటికి మధ్యలో ఆపినచో మసి పేరుకొనుటయే గాక, దానిని కాల్చుటకై అదనముగా చిమ్మబడిన డీసెలు కొంత నూనెలో కలిసి దానిని పలుచన చేయును. ఊరిలోను, సంతకును మాత్రమే తిరుగు కుటుంబమునకు పెట్రోలు కారే తగును.

ఇక మన కృష్ణా డెల్టాలో అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. 2024 సెప్టెంబరు 1వ తేదీన వచ్చిన బుడమేరు వరదలో విజయవాడ అజిత్‌సింగ్‌నగరు మొదలగు పేటలు దినముల తరబడి నీట నుండెను. వేలకొలది వాహనములు మునిగెను. అంతకు ముందు 2015 డిసెంబరులో చెన్నపట్టణమున నట్లే జరిగెను. మునిగిన కార్లన్నియు తుక్కునకు పోవు. కొన్ని వేలమునకు వచ్చి, కడుగబడి, రంగు వేయబడి, దూరపు ఊళ్లలో మంచి కార్లుగా చెలామణి యగును.

నీరు ఇంజనును చెరచు విధము గమనింపుడు. గాలి నొత్తినచో కుదించుకొనును, నీరు కుదించుకొనదు. డీసెలు పిస్టను తాను పీల్చిన గాలిని సుమారు 16వ వంతునకు కుదించును. 500 ఘన సెంటీమీటర్ల సిలిండరులో పిస్టను పూర్తిగా మీదికి వచ్చినపుడు మిగులు చోటు 33 ఘన సెంటీమీటర్లు మాత్రమే. విద్యార్థులు లెక్క వేసి చూచుకొనవచ్చును. అంతకు మించి గ్రుక్కెడు నీరు చేరినను పిస్టను పైకి పోజాలదు. తిరుగు క్రాంకు దానిని నిలువనీయదు. నడుమనున్న కనెక్టింగు రాడ్డు వంగును. మునిగిన కారును స్టార్టు చేయరాదని చెప్పుట యిందువలననే. రాడ్డు కొంచెమే వంగినచో ఇంజను నడుచును కూడ. కొన్ని వేల కిలోమీటర్ల పిమ్మట విరిగి, ఇంజను గోడను చీల్చుకొని బయటికి రావచ్చును. అప్పటికి అమ్మినవాని జాడ యుండదు.

కావున సీటు బెల్టును చివరివరకు లాగి అందలి మట్టి చారను చూడుడు. సీటు క్రింది పట్టాలకు త్రుప్పు గలదా? తివాచీ నెత్తి ముక్కు పెట్టి చూడుడు. అత్తరు వాసన అధికమైనచో అనుమానమును అంతే అధికము చేసికొనుడు. స్టెపినీ గుంటలో ఒండ్రు, వైర్ల కొసలలో పచ్చని చిలుము కనబడినచో తిరిగి రావలెను. బీమా కంపెనీలో ఆ కారుపై ఏయే క్లెయిములున్నవో అమ్మువాని చేతనే తెప్పించుకొనుడు.

దూర రాష్ట్రముల కార్లను గూర్చి ఒక మాట. పదేండ్లు దాటిన డీసెలు వాహనములు ఢిల్లీ ప్రాంతమున తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు కట్టడి చేసెను. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. 2025లో ఆ కట్టడి కొంత సడలినది. ఆ కాలమున అచ్చటి ఖరీదు కార్లు చౌకగా తక్కిన రాష్ట్రములకు తరలెను. చౌకయన్నది నిజమే, కాని అచ్చటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము, అప్పు తీరినట్లు బ్యాంకు కాగితము, ఇచ్చట చెల్లింపవలసిన జీవితకాల పన్ను, వీనిని కలిపిన పిమ్మటనే బేరము చౌకయో కాదో తేలును.

కొన్నవారు మొదటి వారములోనే నూనె, కూలెంటు, ఫిల్టర్లు అన్నియు మార్పింపవలెను. తయారీదారుడు చెప్పిన రకపు నూనెయే పోయవలెను. పాత నూనెను తీయునపుడు కొంత తెల్లని సీసాలో పట్టి యెండలో చూడుడు. అందు లోహపు రజను మెరసినచో, తీసిన నూనె ఫిల్టరును కోసి చూపుమని మెకానికు నడుగుడు.